అజరయ్య అనే పేరు

మాది శ్రీకాకుళం దగ్గర అని చెప్పగానే ఎదుటివాళ్ళు నాగావళి గురించో, అరసవల్లి గురించో మొదలుపెడతారు. ఆ శ్రీకాకుళం కాదండీ. కృష్ణ ఒడ్డున, ఘంటసాల మండలంలో, ఆంధ్రమహావిష్ణువు గుడి ఉన్న శ్రీకాకుళం. రాయలవారికి స్వామి కలలో కనబడి ఆముక్తమాల్యద రాయమన్నది ఇక్కడే. ఈ మాట చెప్తే సాహిత్యం చదివేవాళ్ళ కళ్ళు మెరుస్తాయి. వాళ్ళలో ఒకరిద్దరు గుడి చూడ్డానికి వస్తారు కూడా. వచ్చి, దణ్ణం పెట్టుకుని, ఫొటోలు తీసుకుని, ఘంటసాల బౌద్ధస్తూపం మీదుగా వెనక్కి వెళ్ళిపోతారు.

నేను చెప్పబోయేది గుడి గురించి కాదు. మా వైపు ఏ ఊరు తీసుకున్నా ఊరి చివర, కాలవ దాటాక, ఒక పేట ఉంటుంది. పేటలో ఒక చర్చి. ఆ పేటల్లో పిల్లలకి పెట్టుకునే పేర్లలో ఒకటి అజరయ్య. హైస్కూల్లో నా పక్క బెంచీలో ఒక అజరయ్య కూచునేవాడు. ఇంట్లో, పేటలో, చర్చిలో వాడు అజరయ్య. మాస్టారి దగ్గరుండే హాజరు పట్టీలో మాత్రం వేరే పేరు. ఎందుకురా అంటే, "అది మా తాత పేరు, బిషప్ గారి పేరంట" అనేవాడు. ఏ బిషప్పో వాడికీ తెలియదు, నాకూ తెలియదు. బళ్ళో పేరు వేరే ఎందుకుందో వాడికి తెలుసు, నాకు తెలియదు. అది తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

ఆ బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య. ఆంగ్లికన్ చర్చిలో, అంటే ఇంగ్లండు రాజుగారి చర్చిలో, బిషప్ అయిన మొట్టమొదటి భారతీయుడు. ఆయన తమిళుడు. జీవితంలో సగం తెలుగు పల్లెల్లో గడిపాడు. తెలుగు సాంఘిక చరిత్ర పుస్తకాల్లో మాత్రం ఆయన పేరు నాకు పెద్దగా కనబడలేదు. అందుకు ఒక కారణం మన చరిత్రకారుల చూపు. రెండో కారణం ఆయన స్వభావం. ఎవరి జెండా కిందా పూర్తిగా నిలబడని మనిషిని తలుచుకోవడానికి ఎవరికీ అవసరం ఉండదు.

ఆయన దగ్గరికి వెళ్ళేముందు ఒకసారి బందరు చూడాలి.

1841లో ఇద్దరు ఆంగ్లికన్ పాదిర్లు బందర్లో దిగారు. రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్. ఒకాయన కేంబ్రిడ్జి, ఇంకొకాయన ఆక్స్‌ఫర్డ్. పని పంచుకున్నారు. ఫాక్స్ ఊళ్ళు తిరిగి బజారులో, జాతర్లలో బోధిస్తాడు, నోబుల్ బడి పెడతాడు. ఫాక్స్ భార్యని పోగొట్టుకుని, జబ్బుపడి, ఇంగ్లండు తిరిగి వెళ్ళి 1848లో పోయాడు. అప్పటికి ముప్పై ఒక్కేళ్ళు. ఆయన చదువుకున్న రగ్బీ బడి పిల్లలు చందాలు వేసుకుని ఆయన పేరు మీద బందరు బడికి ఒక మాస్టారుని పంపించే ఏర్పాటు చేశారు. నోబుల్ మాత్రం మళ్ళీ ఇంగ్లండు మొహం చూడలేదు. 1843లో పెట్టిన బడిని పట్టుకుని బందర్లోనే ఉండిపోయాడు. 1864 నవంబరు 1 రాత్రి ముప్పైవేల మందిని మింగిన ఉప్పెనని చూశాడు. మరుసటేడు అక్కడే కన్నుమూశాడు. ఆ బడే తరవాత నోబుల్ కాలేజీ. ముట్నూరి కృష్ణారావు చదువుకున్నదీ, రఘుపతి వెంకటరత్నం నాయుడు పాఠాలు చెప్పిందీ, విశ్వనాథ సత్యనారాయణ చదివిందీ అక్కడే.

నోబుల్ గురించి చెప్తున్నది బడి గొప్ప చెప్పడానికి కాదు. ఆయన ఒక లెక్క వేసుకున్నాడు. బ్రాహ్మణ, కమ్మ, వెలమ పిల్లలు బడికి రావాలి, వాళ్ళలో కొందరు మారితే ఊరంతా వాళ్ళ వెనక వస్తుంది. వాళ్ళు రావాలంటే పక్కన మాల మాదిగ పిల్లలు కూచోకూడదు. కాబట్టి వాళ్ళని చేర్చుకోలేదు. తొమ్మిదేళ్ళ తరవాత, 1852లో, ఇద్దరు విద్యార్థులు, మంచాల రత్నం, అయినాల భూషణం, బాప్తిస్మం తీసుకున్నారు. బందరు అట్టుడికిపోయింది, బడి దాదాపు ఖాళీ అయింది. వాళ్ళిద్దరూ తరవాత పాదిర్లయ్యారు, మంచి పాదిర్లని పేరు తెచ్చుకున్నారు. కానీ వాళ్ళ వెనక ఊరు కదల్లేదు.

ఊరు కదిలింది ఇంకో చోట. 1859లో రాఘవాపురానికి చెందిన పగోలు వెంకయ్య అనే మాల పెద్ద, ఒకప్పుడు దారిదోపిళ్ళు చేసిన మనిషి, తనంతట తనే బెజవాడలో డార్లింగ్ అనే పాదిరిని వెతుక్కుంటూ వెళ్ళాడు. ఆయన వెనక బంధువులు, వాళ్ళ వెనక వాళ్ళ బంధువులు, ఒక్కొక్క పల్లే కదిలింది. కృష్ణా జిల్లాలో ఆంగ్లికన్ చర్చి అంటే ఇవాళ మనకి కనిపించేదాంట్లో ఎక్కువ భాగం నోబుల్ బడి గుమ్మంలోంచి రాలేదు, వెంకయ్య గుడిసెలోంచి వచ్చింది. నోబుల్ ఎవరిని గుమ్మం బయట ఉంచాడో వాళ్ళే చర్చి అయ్యారు.

ఈ రెండు ముక్కలూ, పట్నంలోని కాలేజీ, పల్లెల్లోని పేటలు, 1920ల మొదట్లో ఒకే మనిషి చేతికిందికి వచ్చాయి.

అజరయ్య 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి జిల్లా వెళ్ళాలన్‌విళై అనే ఊళ్ళో పుట్టాడు. తండ్రి థామస్ వేదనాయకం అక్కడి పాదిరి. వాళ్ళది నాడార్ కులం, అప్పట్లో షానార్లు అనేవాళ్ళు. తాటిచెట్లెక్కే కులమని, గుళ్ళోకి రానివ్వకూడదని పైకులాలు దూరం పెట్టిన వాళ్ళు. ఈ సంగతి గుర్తుంచుకోవాలి. తరవాత ఆయన మాల మాదిగ పేటల్లో కూచున్నప్పుడు, ఆ అవమానం ఆయనకి పుస్తకాల్లో చదివి తెలిసింది కాదు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివాడు. పరీక్షల వేళకి జబ్బుపడి డిగ్రీ తీసుకోకుండానే బయటికొచ్చాడు. 1895లో వైఎంసీఏలో చేరి, దేశమంతా తిరిగాడు. 1903లో తిరునెల్వేలి భారతీయ మిషనరీ సంఘం, 1905లో సీరాంపూర్‌లో జాతీయ మిషనరీ సంఘం మొదలుపెట్టినవాళ్ళలో ముఖ్యుడు. రెండింటి సూత్రం ఒకటే: మన డబ్బు, మన మనుషులు, మన నిర్వహణ. 1905 అంటే వంగదేశంలో స్వదేశీ ఉద్యమం రగులుతున్న ఏడాది. చర్చిలో స్వదేశీ అంటే ఇదే.

ఇంతవరకూ ఆయన ఒక మంచి కార్యదర్శి. రైళ్ళెక్కి ఉపన్యాసాలిచ్చే మనిషి. ఇతరుల్ని మిషనరీలుగా వెళ్ళమని చెప్తూ తను మద్రాసులో కూచోవడం ఆయనకి నచ్చలేదు. 1909లో ఉద్యోగం వదిలి, గురుత్వాభిషేకం తీసుకుని, భార్య అన్బు మరియమ్మాళ్‌తో, పిల్లల్తో డోర్నకల్ వచ్చేశాడు. విజయవాడ నుంచి హైదరాబాదు వెళ్ళే రైల్లో ఖమ్మం దాటాక వచ్చే జంక్షనే. అప్పట్లో నిజాం ఇలాకా. అప్పటికాయనకి ముప్పై అయిదేళ్ళు. ఆ వయసులో కూచుని తెలుగు నేర్చుకున్నాడు.

మరుసటేడు ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. వెయ్యిమందికి పైగా ప్రతినిధులు. ఆసియా వాళ్ళు ఇరవైమంది కూడా లేరు. ఆఫ్రికా, ఆసియా ఖండాల్ని ఎలా గెలవాలి అన్నది చర్చ. ఆ సభలో ఒక సాయంత్రం అజరయ్య లేచి, విదేశీ, స్వదేశీ పనివాళ్ళ మధ్య సంబంధాల గురించి మాట్లాడాడు. ఆయన చెప్పింది చాలా చిన్న సంగతి. ఏళ్ళ తరబడి పక్కపక్కన పనిచేసిన మిషనరీ తన భారతీయ సహోద్యోగిని ఒక్కసారైనా ఇంటికి భోజనానికి పిలవడు. యజమానిగా ఉంటాడు, దాతగా ఉంటాడు, గురువుగా ఉంటాడు. మీరు మాకోసం ప్రాణాలిచ్చారు, ఆస్తులిచ్చారు, ఒప్పుకుంటాం, అన్నాడు. ఇచ్చింది చాలు, స్నేహితులుగా రండి అని అడిగాడు.

సభలో కొందరికి చెమటలు పట్టాయి. కొందరికి కోపం వచ్చింది. ఆ ఉపన్యాసం ఇప్పటికీ ప్రపంచ చర్చి చరిత్ర పుస్తకాలన్నింటిలో ఉంటుంది. నాకు అందులో ఆశ్చర్యంగా అనిపించేది దాని ధైర్యం ఒక్కటే కాదు, దాని తరవాత ఆయన చేసింది. అంత మాటన్నాక మిషనరీలతో తెగతెంపులు చేసుకుని స్వతంత్ర చర్చి పెట్టుకోవచ్చు. కొందరు పెట్టుకున్నారు కూడా. లేదా నోరు పారేసుకున్నానని సర్దుకుని, సంజాయిషీ చెప్పుకోవచ్చు. ఆయన రెండూ చేయలేదు. ఓడెక్కి వెనక్కొచ్చి, అదే చర్చిలో, అదే మిషనరీల మధ్య పనిలోకి దిగాడు. మితవాది అన్న మాటని మనం ఒక రకం నీరసానికి పేరుగా వాడుతుంటాం. ఈయన విషయంలో అది కుదరదు.

రెండేళ్ళకి, 1912 డిసెంబరు 29న, కలకత్తా సెయింట్ పాల్స్ కెథీడ్రల్‌లో ఆయన్ని బిషప్ చేశారు. మద్రాసు బిషప్ వైట్‌హెడ్ దీనికోసం గట్టిగా పట్టుబట్టాడు. అభ్యంతరాలు రెండువైపుల్నించీ వచ్చాయి. నల్లవాడి కింద తెల్ల పాదిర్లు పనిచేయడం ఏమిటని మిషనరీల్లో కొందరు. నాడార్ కులస్థుడు బిషప్ ఏమిటని తిరునెల్వేలి క్రైస్తవుల్లోనే కొందరు. మధ్యేమార్గంగా ఆయన్ని మద్రాసు బిషప్‌కి సహాయకుడిగా, నిజాం ఇలాకాలోని ఆ చిన్న డోర్నకల్ ప్రాంతానికి నియమించారు. అక్కడ తెల్లవాళ్ళు తక్కువ కాబట్టి ఎవరి మనసూ నొచ్చుకోదు.

కానీ అక్కడితో ఆగలేదు. 1920ల మొదట్లో కృష్ణా జిల్లాలోని చర్చ్ మిషనరీ సొసైటీ చర్చిలు, నంద్యాల వైపున్న ఎస్‌పీజీ వాళ్ళ చర్చిలు డోర్నకల్ అధ్యక్ష మండలంలో కలిశాయి. బందరు కాలేజీతో సహా. నోబుల్ తరవాతి తరం ఇంగ్లీషు పాదిర్లు ఇప్పుడు ఒక నాడార్ బిషప్ ముందు మోకరించాలి. పైగా ఈ రెండు మిషన్లకీ ఒకళ్ళంటే ఒకళ్ళకి పడదు. ఎస్‌పీజీ వాళ్ళకి పూజావిధి, పై వస్త్రాలు, సంప్రదాయం ముఖ్యం. సీఎంఎస్ వాళ్ళకి బైబిలు, ప్రసంగం, మారుమనసు ముఖ్యం. ఆంగ్లికన్లలో ఎప్పట్నించో ఉన్న తగాదా ఇది. అజరయ్య పెంపకం సువార్త పక్షానిదే, అయినా బిషప్ పదవికీ, సంస్కారాలకీ, చర్చి కాలెండరుకీ ఆయన ఇచ్చే విలువ చూసి రెండోవాళ్ళు కూడా ఈయన మనవాడే అనుకున్నారు. ఇద్దర్నీ ఒక తాటి మీద నడిపించడానికి ఆయన వాడిన ఉపాయం ఒకటే. ఇద్దర్నీ పల్లెలకి తిప్పడం. పేటలో గొడుగు కింద నిలబడి బాప్తిస్మం ఇచ్చేటప్పుడు పై వస్త్రం రంగు గురించి ఎవరు మాట్లాడతారు?

ఆయన ప్రసంగాల గురించి ఆయనతో పనిచేసినవాళ్ళు చాలా చెప్పారు. అందులో పదేపదే వచ్చేవి రెండు. ఒకటి, పల్లెకి వెళ్ళినప్పుడు చెట్టు కింద అందర్నీ కూచోబెట్టి అడిగే ప్రశ్న. మీ ఊళ్ళో ఉన్న నాలుగు దయ్యాలేమిటి? జవాబు అందరూ కలిసి చెప్పాలి. మురికి, రోగం, అప్పు, తాగుడు. వీటిని వెళ్ళగొట్టేదెవరు అన్నది తరవాతి ప్రశ్న. నాలుగు దయ్యాల్లో అప్పుని చేర్చడం గమనించండి. పాలేరు అప్పు తీరదు, తాత చేసిన అప్పుకి మనవడు కూడా మోతుబరి గొడ్లు కాస్తుంటాడు. దాన్ని పాపం గురించిన బోధలో భాగం చేశాడు. అయితే, ఆ అప్పు ఇచ్చినవాడి పేరు, వసూలు చేసే పద్ధతి, ఆ బోధలోకి రాలేదు. దయ్యం ఉంది, దయ్యాన్ని పెంచి పోషించే ఆసామి లేడు. మితవాదపు హద్దు ఇక్కడుంది. నాకు ఆయన మీద ఉన్న ఫిర్యాదుల్లో ఇది మొదటిది.

రెండోది బాప్తిస్మం నాటి సంగతి. బాప్తిస్మం పొందిన ప్రతివాళ్ళనీ తన తల మీద తనే చెయ్యి పెట్టుకోమనేవాడు. నేను బాప్తిస్మం పొందాను, ఈ మంచివార్త ఇంకొకళ్ళకి చెప్పకపోతే నాకు చేటు అన్న అర్థం వచ్చే పౌలు మాటని వాళ్ళచేత పలికించేవాడు. ఇది పైకి మతప్రచారం. ఆ మనుషులెవరో తలుచుకుంటే ఇంకోలా కనిపిస్తుంది. ఊళ్ళో ఎవరూ వాళ్ళని మాట్లాడమని అడగలేదు. రచ్చబండ దగ్గర నోరెత్తే హక్కు లేదు. పిలిస్తే పలకడం, చెప్పింది చెయ్యడం తప్ప. అలాంటి మనిషి తల మీద తన చెయ్యే పెట్టించి, నువ్వు చెప్పాల్సింది ఉంది, చెప్పకపోతే తప్పు నీది అనడం! బిషప్ చెయ్యి కాదు, తన చెయ్యి.

డబ్బు విషయంలోనూ ఇదే పద్ధతి. పల్లె పాదిరి జీతం లండన్ నుంచి రాకూడదు. పేదవాళ్ళే అయినా పేట ఇవ్వాలి. అన్నం వండేటప్పుడు ఆడవాళ్ళు ఒక గుప్పెడు బియ్యం పక్కన తీసిపెట్టేవాళ్ళు. ఆదివారం ఆ బియ్యం చర్చికి వచ్చేది. ఆయన దీని మీద ఒక పుస్తకమే రాశాడు. కూలికి పోయే ఇంటినుంచి బియ్యం తీసుకోవడమేమిటని మనకి ఇబ్బందిగా ఉంటుంది. నాకూ ఉంది. కానీ ఆ గుప్పెడు బియ్యం లేకపోతే ఆ చర్చి ఎప్పటికీ తెల్లదొర ధర్మం మీదే బతికేది. ఎడింబరోలో ఆయన అడిగింది దానానికి బదులు స్నేహం. దానం వద్దనుకున్నవాడు బియ్యం ఎక్కణ్ణించో తెచ్చుకోవాలి కదా.

ఆయన ఉన్న ముప్పైరెండేళ్ళలో ఆ మండలంలో ఆంగ్లికన్ క్రైస్తవులు రెండు లక్షలు దాటారు. తెలుగు పాదిర్లు చేతివేళ్ళ మీద లెక్కపెట్టే స్థితి నుంచి వందల్లోకి వచ్చారు. 1939 జనవరి 6న డోర్నకల్‌లో ఎపిఫనీ కెథీడ్రల్‌ని ప్రతిష్ఠించాడు. ఇరవైఏళ్ళకి పైగా పట్టింది కట్టడం. ఇంగ్లండు గుళ్ళ గోతిక్ మొన ఎక్కడా లేదు. మసీదుల్ని గుర్తుచేసే గుమ్మటాలు, గుడి మండపంలా రాతి స్తంభాలు, వాటిమీద తామరలు. రైలు కిటికీలోంచి చూసి మసీదనుకున్నవాళ్ళూ ఉంటారు. నిజాం రాజ్యంలో, గుళ్ళోకి రానివ్వని మనుషుల కోసం, గుడినీ మసీదునీ కలిపి కట్టిన చర్చి అది.

ఆయన జీవితంలో పెద్ద మధ్యేమార్గం చర్చిల ఐక్యత. ఒకే మండలంలో, ఒక్కోసారి పక్కపక్క ఊళ్ళలో, ఆంగ్లికన్లు, బాప్టిస్టులు, లూథరన్లు, మెథడిస్టులు ఉండేవాళ్ళు. వాళ్ళ తేడాలు ఇంగ్లండులో, జర్మనీలో, అమెరికాలో పుట్టినవి. ఏ రాజు ఎవరికి విడాకులిచ్చాడు, ఏ పార్లమెంటు ఏ చట్టం చేసింది అన్న సంగతులు మానుకోట పల్లెలో ఎందుకు మొయ్యాలి? 1919లో తరంగంబాడిలో ముప్పై ముగ్గురు కూచుని ఐక్యత ప్రకటన చేశారు. ఇద్దరు తప్ప అందరూ భారతీయులే. ముందు నిలబడినవాళ్ళు అజరయ్య, సంతియాగు. అక్కణ్ణించి పాతికేళ్ళ పైన చర్చలు. చిక్కంతా ఒక్క చోట. బిషప్ చేతులుంచి అభిషేకించని పాదిరి, పాదిరేనా? కాదంటే మెథడిస్టులు రారు. అవునంటే ఆంగ్లికన్లలో సగంమంది లేచిపోతారు. ఉన్నవాళ్ళని ఉన్నట్టుగా ఒప్పుకుందాం, ఇకమీదట వచ్చేవాళ్ళని మాత్రం బిషప్ చేతులుంచి అభిషేకిద్దాం అన్నది చివరికి కుదిరిన మధ్యేమార్గం. తెగ ఓపిక కావాల్సిన పని. నాకైతే ఆ చర్చల గురించి చదవడానికే ఓపిక చాల్లేదు.

ఈ ఓపిక వెనక తొందర కూడా ఉందని ఒక సందర్భం చెప్తుంది. 1935 అక్టోబరులో యేవలాలో అంబేద్కర్, హిందువుగా పుట్టాను గానీ హిందువుగా చావను అని ప్రకటించాడు. ఆ రోజుల్లో ఆయన అజరయ్యని ఒక ప్రశ్న అడిగాడని చెప్తారు. మేం ఇప్పుడు దేశమంతా ఒకటిగా ఉన్నాం, మీలోకి వస్తే మీ ఇన్ని చర్చిల్లో ఏ చర్చిలోకి రావాలి? మేం మళ్ళీ ముక్కలవ్వాలా? అజరయ్య దగ్గర జవాబు లేదు. ఆ సిగ్గుని ఆయన మర్చిపోలేదంటారు. దానికింకో పార్శ్వం కూడా ఉంది, అది ఇంకా ఇబ్బందిది. ముక్కలు పైనుంచి దిగుమతైనవే కావు. మాలలున్న చర్చికి మాదిగలు, మాదిగలున్న చర్చికి మాలలు రావడానికి ఇష్టపడని ఊళ్ళు ఆయన మండలంలోనే ఉన్నాయి. ఒకే గిన్నెలోంచి ప్రభురాత్రి భోజనం తీసుకోవాల్సిందే అన్నది ఆయన పట్టు. తరంగంబాడి ప్రకటన రాయడం కన్నా ఇది కష్టం.

ఇక రాజకీయం. ఇక్కడ ఆయన మధ్యలో నిలబడ్డం వల్ల రెండువైపులా దెబ్బలు తిన్నాడు.

1932 ఆగస్టులో బ్రిటిష్ ప్రధాని కమ్యూనల్ అవార్డు ప్రకటించాడు. ముస్లింలకి, సిక్కులకి, అంటరాని కులాలకి, క్రైస్తవులకి కూడా వేరే నియోజకవర్గాలు. అంటరాని కులాల వంతు పూనా ఒడంబడికతో మారింది, మనందరికీ తెలిసిన కథ. క్రైస్తవుల వంతు గురించి ఎవరూ మాట్లాడరు. క్రైస్తవ నాయకుల్లో ఇది చీలిక తెచ్చింది. రౌండ్ టేబుల్ సమావేశంలో అజరయ్య పాత మిత్రుడు కె. టి. పాల్ వేరే నియోజకవర్గాలు వద్దన్నాడు, పన్నీర్ సెల్వం కావాలన్నాడు. అజరయ్య పూర్తిగా వద్దనే పక్షం. ఆయన వాదన ఇది: చర్చి ఒక కులం కాదు. ఓట్ల కోసం కంచె వేసుకుని కూచుంటే, ఈ దేశంలో ఉన్న వెయ్యి కులాల పక్కన ఇంకో కులం అవుతాం. అప్పుడు మతం మారిన ప్రతివాడూ ఒక వర్గం ఓటు తగ్గించి ఇంకో వర్గం ఓటు పెంచినవాడవుతాడు.

ఇంతవరకూ గాంధీకి చాలా నచ్చే మాటలే. కానీ అదే అజరయ్య, మాల మాదిగల సామూహిక బాప్తిస్మాలని ఆపమంటే ఆపను అన్నాడు. గాంధీకి ఇది మింగుడుపడలేదు. 1936లో జాన్ మోట్ అనే అమెరికన్ క్రైస్తవ నాయకుడితో మాట్లాడుతూ గాంధీ ఒక మాటన్నాడు. ఆవుకి సువార్త బోధిస్తారా అని అడిగి, అంటరానివాళ్ళలో కొందరి గ్రహింపు అంతకన్నా తక్కువన్న అర్థం వచ్చేలా చెప్పాడు. ఇది ఎవరో గిట్టనివాళ్ళు పుట్టించింది కాదు, ఆయన హరిజన్ పత్రికలోనే అచ్చయింది. అజరయ్య పాతికేళ్ళుగా చేస్తున్న పనంతా ఈ మాటకి ఎదురు. తల మీద చెయ్యి పెట్టుకుని చెప్పగలిగినవాడికి గ్రహింపు లేదని ఆయన ఎలా ఒప్పుకుంటాడు?

అలా గాంధీకి ఆయనలో సగం నచ్చింది, సగం నచ్చలేదు. అంబేద్కర్ వైపు నుంచి చూస్తే అదే తిరగేసి. మతం మారే హక్కు దగ్గర కలుస్తారు, రాజకీయ రక్షణ దగ్గర విడిపోతారు. చర్చి లోపల కూడా అంతే. మద్రాసులో పాండిపెద్ది చెంచయ్య, చక్కరై లాంటివాళ్ళు 1938లో ఒక పుస్తకం తెచ్చి, ఈ సంస్థాగత చర్చి అంతా పడమటి సరుకు, క్రీస్తు చాలు అన్నారు. చెంచయ్య నెల్లూరు వాడు, న్యాయమూర్తి, అచ్చమైన మేధావి. నేను ఇరవయ్యేళ్ళ వయసులో ఉంటే చెంచయ్య పక్షానే ఉండేవాణ్ణి. ఇప్పుడు, చర్చి అక్కర్లేదని అనగలగడానికి ముందు ఒక ఇల్లు, ఒక ఉద్యోగం, ఒక ఊరు ఉండాలేమో అనిపిస్తుంది. పేటలో ఉన్నవాడికి చర్చి ఒక్కటే తలెత్తుకుని కూచునే గది. అజరయ్య మీద పెద్ద జీవితచరిత్ర రాసిన సూసన్ బిల్లింగ్టన్ హార్పర్ తన పుస్తకానికి 'మహాత్ముడి నీడలో' అని అర్థం వచ్చే పేరు పెట్టింది. నిజానికి ఆయన ఒక్క నీడలో లేడు, నాలుగైదు నీడలు కలిసేచోట నిలబడ్డాడు.

రెండో ఫిర్యాదు చెప్పాల్సింది ఇక్కడే. చర్చి కులం కాదు అన్నది ఆయన విశ్వాసం. ప్రభుత్వం ఆ మాటని పట్టుకుని తనకి వీలైనట్టు చదువుకుంది. 1936లో బ్రిటిష్ ప్రభుత్వం షెడ్యూల్డ్ కులాల జాబితా ప్రకటిస్తూ, భారతీయ క్రైస్తవుడెవరూ షెడ్యూల్డ్ కులస్థుడు కాడని రాసింది. 1950లో రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులకే ఆ హోదా ఇచ్చింది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్ని చేర్చలేదు. బాప్తిస్మంతో కులం పోయిందని కాగితం అంది. ఊరు అనలేదు. పేట అక్కడే ఉంది, కాలవకి అవతలే.

దీనికి అజరయ్య బాధ్యుడని అనలేను. ఆయన వద్దన్నా వేరే నియోజకవర్గాలు 1935 చట్టంలో వచ్చాయి. వచ్చినా 1936 ఉత్తర్వు ఆగలేదు. కానీ ఆయన మనసులో ఒక లెక్క ఉంది. మనిషి లోపల మారితే, శుభ్రంగా ఉంటే, చదువుకుంటే, తాగుడు మానితే, ఊరు చూసి మారుతుంది. కొంత జరిగింది కూడా. పేటల్లో వచ్చిన మార్పు చూసి 1930లలో కొన్నిచోట్ల శూద్ర కులాల వాళ్ళు కూడా బాప్తిస్మానికి వచ్చారని ఆయన గర్వంగా చెప్పుకునేవాడు. నోబుల్ లెక్క పైనుంచి కిందికి, అజరయ్య లెక్క కిందినుంచి పైకి. రెండింటిలోనూ ఊరు ఎప్పుడో ఒకప్పుడు మారి తీరుతుందన్న నమ్మకం మాత్రం ఒకటే. ఊరిని అంత తేలిగ్గా నమ్మినందుకు ఆయన మీద నాకు కోపం ఉంది. ఆ నమ్మకం లేకపోతే ఆయన చేసిన దాంట్లో పదోవంతు కూడా చేసి ఉండేవాడు కాడని కూడా తెలుసు.

1945 జనవరి 1న డోర్నకల్‌లో ఆయన పోయాడు. రెండేళ్ళ తొమ్మిది నెలలకి, 1947 సెప్టెంబరు 27న, మద్రాసు సెయింట్ జార్జి కెథీడ్రల్‌లో దక్షిణ భారత సంఘం, మనం సీఎస్ఐ అంటున్నది, మొదలైంది. బిషప్పులున్న చర్చీ, బిషప్పులు లేని చర్చీ కలిసి ఒకటి కావడం ప్రపంచంలో అదే మొదలు అంటారు. ఆయన మండలాన్ని విడదీశారు. బందరు, గుడివాడ, దివిసీమ కృష్ణా గోదావరి మండలంలోకి వచ్చాయి. ఆయన పేరు పల్లెల్లో పిల్లల పేర్లలోకి వచ్చింది.

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు బందరు బస్టాండులో మా అజరయ్య కనబడ్డాడు. నెరిసిన జుట్టు, చంకలో రెండేళ్ళ మనవడు. బిషప్ గారి సంగతంతా చెప్పాను. టీ తాగుతూ ఓపిగ్గా విన్నాడు. తమిళుడా అని ఆశ్చర్యపోయాడు. తల మీద చెయ్యి పెట్టుకునే సంగతి వాళ్ళ తాత చెప్పేవాడట. చేసి చూపించాడు, టీ గ్లాసు ఎడమచేతిలోకి మార్చుకుని.

బస్సు వచ్చింది. మనవడి పేరేమిటని అడిగాను.

"ఏది? ఇంట్లోదా, బళ్ళోదా?" అన్నాడు.